చెట్లు పోయినా మిగిలిన పేర్లు

మధ్యధరా దీవుల కథ - 14వ భాగం

పోయిన భాగంలో అపొస్తలుడు పావులు ఎక్కిన గోధుమల ఓడ తుఫానులో చిక్కి, 276 మందితో ఒక దీవి ఒడ్డున పగిలిపోయిన చోట ఆగాం. తెలుగు బైబిలులో 'మెలితే' అని ఉన్న ఆ దీవే నేటి మాల్టా. తడిసి ముద్దయి ఒడ్డుకు చేరినవాళ్లకు ఆ దీవి పెద్ద మూడు రోజులు ఆతిథ్యం ఇచ్చాడు. ఆయన ఇల్లు ఉండిన చోటు ఇదేనని మాల్టావాళ్లు తరతరాలుగా ఒక చిన్న చర్చిని చూపిస్తారు. దాని పేరు సాన్ పావుల్ మిల్‌ఈ. 'పావులును ఆదరించిన చోటు' అని అర్థం. 1963 నుంచి 1968 దాకా ఇటలీ పురావస్తు బృందం ఆ చర్చి చుట్టూ తవ్వింది. అది ఆ పెద్దమనిషి ఇల్లేనని చెప్పే రుజువు దొరకలేదు. దొరికింది ఒక గానుగశాల.

రోమన్ల కాలపు పెద్ద రైతు కమతం అది. ఆలివ్ కాయలు నలిపే రాళ్లు, పిండే చోట్లు, నూనె తేరుకోవడానికి కట్టిన తొట్లు, అన్నీ ఉన్నాయి. ఒక మహాపురుషుడి అడుగుజాడ కోసం తవ్విన చోట వేలమంది పేరులేని పనివాళ్ల అడుగుజాడ బయటపడింది. ఈ భాగం వాళ్ల గురించి, వాళ్లు పెంచిన చెట్ల గురించి. ఆ చెట్లు దాదాపు దీవినుంచే మాయమై, మన కాలంలో మళ్లీ చిగురించడం గురించి కూడా.

ముందు గానుగ సంగతి. కాయలు నలిపే యంత్రాన్ని రోమన్లు త్రపేతుం అనేవారు. లోతైన రాతి తొట్టి, దాని నడుమ రాతి స్తంభం, స్తంభం మీద అడ్డకర్ర, ఆ కర్రకు ఇటొకటి అటొకటి రెండు గుండురాళ్లు. ఆ రాళ్లు బొద్దుగా, సగానికి కోసిన గుమ్మడికాయల్లా ఉంటాయి. కర్ర చివరలు పట్టుకుని చుట్టూ తిరిగితే రాళ్లు తొట్టిలో దొర్లుతాయి. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో రోమన్ రచయిత కేటో తన సేద్యపు పుస్తకంలో ఈ గానుగను ఎలా బిగించాలో చాలా ఓపికగా వివరించాడు. రాయికీ తొట్టి గోడకూ మధ్య సందు ఉండాలి. గుజ్జు నలగాలి గానీ గింజ పగలకూడదు, పగిలితే నూనె రుచి చెడుతుందని వాళ్ల నమ్మకం. నలిగిన ముద్దను అల్లిన బుట్టల్లో పెట్టి, పొడవాటి దూలం కింద ఉంచి పిండేవారు. కారిన రసం తొట్టిలో నిలిస్తే నూనె పైకి తేలుతుంది, కింద నల్లటి చేదు నీళ్లు మిగులుతాయి. నూనెను గరిటెలతో తోడుకునేవారు. ఆ చేదు నీళ్లనూ పారబోయలేదు. కళ్లం నేలకు పట్టించి దిమ్మిస్తే చీమలు రావని కేటో రాశాడు. మన రైతు కళ్లాన్ని పేడతో అలికినట్టే.

ఇక్కడ మన గానుగకూ వాళ్ల గానుగకూ ఉన్న ఒక తేడా చెప్పాలి. ఈ కథంతా ఆ తేడా మీదే నడుస్తుంది. నువ్వులు, వేరుశనగ ఎండు గింజలు. గరిసెలో పోసుకుని తీరిక దొరికినప్పుడు ఆడించుకోవచ్చు. ఆలివ్ నూనె గింజలో కాదు, ప్రధానంగా పండు కండలో ఉంటుంది. పచ్చి పండు, నిండా నీరు. కోసి కుప్పపోస్తే వేడెక్కి పులుస్తుంది, నూనె కంపు కొడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గానుగకు చేరి తీరాలి. అందుకే ఆలివ్ తోట ఉన్న చోట దగ్గర్లోనే గానుగ ఉండాలి. గానుగ లేనివాడికి తోట దండగ, తోటలు లేని ఊళ్లో గానుగ దండగ. రెండూ కలిసే బతుకుతాయి. పోతే రెండూ కలిసే పోతాయి.

మాల్టా దీవుల మొత్తం విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు. సిసిలీకి దక్షిణాన తొంభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. నది లేదు, అడవి లేదు. సున్నపురాయి మీద పలచని మట్టి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ చలికాలంలోనే. ఎండాకాలమంతా చుక్క పడదు. ఆలివ్ చెట్టుకు ఇంతకన్నా సరిపోయే చోటు లేదు. ఫినీషియన్లు, కార్తేజివాళ్లు, క్రీస్తుపూర్వం 218 నుంచి రోమన్లు ఈ దీవిని ఏలారు. రాజ్యాలు మారినా దూలం కింద కాయ నలుగుతూనే ఉంది. 1961లో జెయ్‌తూన్ అనే ఊళ్లో బడి కట్టడానికి పునాది తీస్తుంటే మరో రోమన్ కమతం బయటపడింది. అందులోనూ నూనె తీసిన ఆనవాళ్లే.

జెయ్‌తూన్. ఈ పేరు హైదరాబాదులో ఎవరికైనా వినిపించి చూడండి. జైతూన్ కా తేల్ అని వెంటనే అందుకుంటారు. పసిపిల్లల ఒంటికి రాయడానికి పాతబస్తీ అత్తర్ల దుకాణంలో చిన్న సీసాల్లో అమ్మే నూనె పేరూ, మధ్యధరాలో ఆ ఊరి పేరూ ఒకే అరబ్బీ మాట. ఆ మాట పారశీకం, ఉర్దూల మీదుగా తూర్పుకు మన దాకా వచ్చింది. క్రీస్తుశకం 870లో అరబ్బులు దీవిని గెలిచాక పడమటికి మాల్టా దాకా వెళ్లింది. మాల్టీయ భాష ఈనాటికీ అరబ్బీ సంతతి భాషే. రాత మాత్రం రోమన్ లిపి.

జెయ్‌తూన్ ఒక్కటే కాదు. దక్షిణ తీరంలో బిర్‌జెబ్బూజా ఉంది. 'ఆలివ్‌ల బావి' అని అర్థం. దీవి నడుమ జెబ్బూజ్, పక్కనున్న గోజో దీవిలో మరో జెబ్బూజ్. రెండింటికీ అర్థం ఆలివ్‌లే. మాల్టీయ భాషకు పితామహుడని పేరుపొందిన మికియెల్ అంతోన్ వస్సల్లి, ఆ దేశ జాతీయ గీతం రాసిన దున్ కార్మ్, ఇద్దరూ పుట్టింది ఆ పెద్ద జెబ్బూజ్‌లోనే. ఆలివ్ పేరున్న ఊరు ఒక భాషకు పురుడు పోసింది. అయితే వాళ్లిద్దరూ ఆడుకున్న పొలాల్లో అప్పటికే ఆలివ్ తోటలు లేవు, పత్తి ఉంది.

మనకిది కొత్త సంగతేమీ కాదు. విశాఖలో తాటిచెట్లపాలెం ఉంది. ఆ చౌరస్తాలో నిలబడి తాటిచెట్టు కోసం వెతికితే బస్సులు కనిపిస్తాయి. చెట్టు పేరు ఊరికి పెట్టేవాడు ఆ చెట్టు ఎప్పటికీ ఉంటుందనుకునే పెడతాడు. అందుకే ఊరి పేరు నాకు శాసనంతో సమానం. రాజు వేయించిన శాసనంలో పొగడ్త ఉండవచ్చు, ఊరి పేరులో ఉండదు.

పేర్లలో ఇంకో సూక్ష్మం ఉంది. ఉత్తరాఫ్రికా అరబ్బీలో తోట ఆలివ్‌ను జైతూన్ అంటారు, కొండల్లో తనంతట తాను మొలిచే ముళ్ల అడవి ఆలివ్‌ను జెబ్బూజ్ అంటారు. స్పెయిన్ భాషలో కూడా అడవి ఆలివ్ పేరు ఈ రెండో మాటనుంచే వచ్చింది. మాల్టాలో మాత్రం లెక్క తారుమారైంది. జైతూన్ ఒక ఊరి పేరుగా గడ్డకట్టుకుపోయింది. నిత్యం పలికే మాట జెబ్బూజ్ అయింది, తినే కాయకు కూడా అదే మాట. తోటలు పాడుబడి, ఆలనా పాలనా లేని చెట్లే కంటికి ఎక్కువగా ఆనిన కాలం ఒకటి ఆ భాష వెనక ఉందని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహే, భాషావేత్తలు వేరే దారి చూపించవచ్చు.

చెట్లు ఎప్పుడు పోయాయి? ఒక ఏడాది, ఒక గొడ్డలి అని చెప్పగలిగిన కథ కాదిది. కానీ ఒక సాక్ష్యం ఉంది. 1522లో తురుష్కుల చేతిలో రోడ్స్ దీవిని పోగొట్టుకున్న సెయింట్ జాన్ యోధులు తలదాచుకునే చోటు వెతుక్కుంటున్నారు. స్పెయిన్‌నూ ఏలుతున్న చక్రవర్తి ఐదవ చార్లెస్ మాల్టా ఇస్తానన్నాడు. తీసుకునే ముందు చూసి రమ్మని 1524లో ఎనిమిది మందిని పంపారు. వాళ్ల నివేదిక నిరాశతో నిండి ఉంది. దీవంతా మెత్తటి రాయి, పైన మూడు నాలుగడుగుల మట్టి, అదీ రాళ్లమయం. ధాన్యం సరిగ్గా పండదు. అత్తి పండ్లు, పుచ్చకాయలు బాగా కాస్తాయి. తేనె, పత్తి, జీలకర్ర అమ్మి ధాన్యం కొనుక్కుంటారు. ఇక వంటచెరకు ఎంత కరువంటే, కట్టెలను తూకం వేసి అమ్ముతారు. జనం ఎండబెట్టిన ఆవుపేడతోనూ ముళ్ల కంపతోనూ వండుకుంటారు.

పిడకల పొయ్యి మనకు చిన్నతనంగా తోచదు. కానీ ఆ ఎనిమిది మందికి అది దారిద్ర్యానికి గుర్తు. నేను ఆ నివేదికలో చూసేది మరొకటి. అమ్ముకునే సరుకుల్లో నూనె లేదు. గానుగశాలలు కట్టిన దీవిలో, మూడు ఊళ్లకు ఆలివ్ పేరు పెట్టుకున్న దీవిలో, 1524 నాటికి చెప్పుకోదగ్గ నూనె లేదు. కట్టెలు తూకానికి అమ్మే చోట కాపు తగ్గిన ముసలి ఆలివ్ చెట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది?

యోధులు 1530లో వచ్చారు. 1551లో తురుష్కుల ఓడల దండు గోజో మీద పడి, కోటలో దాక్కున్న జనాన్ని సుమారు 5,000 మందిని బానిసలుగా పట్టుకుపోయింది. దీవి దాదాపు ఖాళీ అయింది. ఈ ఒక్క సంఘటన చాలు, అక్కడ చెట్టు నాటడం ఎంత కష్టమో తెలియడానికి. ఆలివ్ మొక్క నాటితే కాపుకు నాలుగైదేళ్లు కావాలి, నిండు కాపుకు అంతకు రెండు మూడు రెట్లు. నాటినవాడు తన ముసలితనానికీ తన పిల్లలకూ నాటుతాడు. ఒక్క పొద్దులో ఊరంతా సంకెళ్లలో పోగల చోట అంత ముందుచూపు ఎవరికి ఉంటుంది? పత్తి అలా కాదు. విత్తితే అదే ఏడాది చేతికి వస్తుంది, నూలు వడికితే అదే ఏడాది డబ్బు.

18వ శతాబ్దానికి మాల్టా బతుకంతా పత్తే. ఇళ్లలో ఆడవాళ్లు వడికిన నూలు ఓడలకెక్కి స్పెయిన్‌కు, ముఖ్యంగా బార్సిలోనాకు పోయేది. దీవిలో చెట్టుకు మిగిలిన చోటు గట్ల వెంట, రాళ్ల మధ్య, పత్తి పనికిరాదన్న మూలల్లో. తర్వాత స్పెయిన్ బయటి నూలును అడ్డుకుంది, ఈజిప్టు పత్తి మార్కెట్టును ముంచింది, బ్రిటిష్ పాలనలో ఆ పంటా కూలింది. ఆ వడికిన చేతుల కథకు ఒక పూర్తి భాగం కావాలి, వచ్చేసారి అదే చెప్తాను. ఇప్పుడు మనకు కావలసింది ఒక్కటే. పత్తి పోయాక కూడా ఆలివ్ తిరిగి రాలేదు. గానుగ పోయింది కదా, తోట ఎవరు వేస్తారు? సిసిలీనుంచి నూనె ఓడలో వస్తోంది. మాల్టావాళ్ల నిత్యాహారం హొబ్జ్ బిజ్-జెయ్ట్, అంటే నూనె రొట్టె. రొట్టెను టమాటాతో రుద్ది, నూనె పోసి తినే ఆ సాదా తిండికి కూడా ఎక్కువగా బయటినుంచి వచ్చిన నూనే దిక్కయింది.

మరి ఏం మిగిలింది? వాయవ్యాన బిద్నీయా అనే పల్లె దగ్గర ఒక చిన్న తోపు మిగిలింది. చెట్లు కొన్నే. మాను చుట్టుకొలత చూస్తే మన ఊళ్లో రచ్చబండ మర్రి గుర్తొస్తుంది. మెలితిరిగి, చీలి, మధ్యలో డొల్లబడి, ఒక్క చెట్టే నాలుగు చెట్లలా నిలబడి ఉంటుంది. రోమన్ల నాటివని స్థానికుల నమ్మకం, రెండు వేల ఏళ్లని చెప్పుకుంటారు. ఆలివ్ చెట్టు వయసు తేల్చడం అంత సులువు కాదు. లోపలి చేవ, అంటే అతి పాత కట్టె, మొదట కుళ్లిపోయేది అదే. లెక్కపెట్టవలసిన వలయాలు ఉండవు. పైగా మాను చచ్చినా మొదట్లోనుంచి పిలకలు లేస్తాయి. ఈ చెట్లు ఎంతటి పాతవైనా, వాటిని చట్టం కాపాడుతోంది. అది కావలసిన పనే.

కాపాడవలసింది మాను ఒక్కటే అయితే కంచె వేస్తే సరిపోయేది. ఇక్కడ ఆ చెట్ల రకం కూడా ఉంది. పల్లె పేరు మీదే దాన్ని బిద్నీ అంటారు. కాయ చిన్నది, ముగ్గితే ఊదా రంగు. నూనెలో పాలీఫెనాల్స్ ఎక్కువ, మింగితే గొంతులో ఘాటు తగులుతుంది. కాయలో గుడ్లు పెట్టి పంటను పాడుచేసే ఆలివ్ ఈగను కూడా ఇది బాగా తట్టుకుంటుందని పెంచేవాళ్లు చెప్తారు. బంగినపల్లి మామిడి టెంక నాటితే బంగినపల్లి వస్తుందన్న హామీ లేదని మనకు తెలుసు. అంటు కట్టాలి. ఆలివ్‌కూ అంతే. గింజనుంచి మొలిచేది ఏదో ఒక ఆలివ్, చాలాసార్లు అడవి చెట్టుకు దగ్గరగా ఉంటుంది. అసలు రకం కావాలంటే ఆ చెట్టు కొమ్మే తేవాలి. కొమ్మ తెచ్చి వేరు పట్టించాలి, లేదా అడవి ఆలివ్ మొదలు మీద కట్టాలి. తాళపత్రం ఒకటి శిథిలమయ్యే లోపు మరొకటి రాసుకున్నట్టు, ఒక రకం బతకాలంటే పాత చెట్టు పోయేలోపు ఎవరో ఒకరు కత్తి పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్లాలి. ఒక్క తరం వెళ్లకపోయినా రకం తెగిపోదు, చెట్టు ఓపిక పడుతుంది. ఆలివ్ గొప్పతనం ఇదే. అది పది తరాల నిర్లక్ష్యాన్ని కూడా భరించి, పదకొండో తరం కోసం ఒక పచ్చి కొమ్మ దాచి ఉంచింది.

ఆ పదకొండో తరం గత శతాబ్దం చివర్లో కదిలింది. బిద్నీయాకు ఎదురుగా ఉన్న వార్దీయా కొండ వాలులో తోటలు లేచాయి, వాటి పక్కనే చిన్న గానుగ వచ్చింది. ఈసారి రాతి గానుగ కాదు. కాయను కడిగి, గింజతో సహా స్టీలు సుత్తెలతో నలిపి, ముద్దను 27 డిగ్రీలకు మించని వేడిలో కలిపి, గిరగిర తిప్పి నూనెను వేరు చేసే యంత్రం. పొలం గల నలుగురికి ఈ సంగతి తెలియగానే పెరట్లో రెండు చెట్లున్నవాళ్లు కూడా బస్తాలు మోసుకుని వచ్చారు. తోటకు గానుగ, గానుగకు తోట, విడిపోయిన జంట మళ్లీ కలిసింది. ఆ తర్వాత ప్రీమో అనే పథకం నడిచింది. మాల్టా సొంత ఆలివ్‌ను పునరుద్ధరించడమే దాని పని. బిద్నీ కొమ్మలనుంచి మొక్కలు పెంచి రైతులకు చేర్చడం మొదలైంది. 2004 మే 1న మాల్టా ఐరోపా సమాఖ్యలో చేరాక బయటి కూరగాయల మీద సుంకాలు పోయాయి. చవక సరుకు వచ్చి పడటంతో కొందరు రైతులు ద్రాక్షకూ ఆలివ్‌కూ మళ్లారు. ఆ కష్టకాలం చెట్టుకు ఇలా కలిసొచ్చింది.

తెల్ల ఆలివ్ అనే మరో మాల్టా రకం కథ ఇంకా సున్నితమైనది. మామూలుగా ఆలివ్‌లు ముగ్గితే ఊదాగానో నల్లగానో మారతాయి. ఈ రకంలో ఆ రంగునిచ్చే పదార్థం ఏర్పడదు. కాయ పచ్చదనం పోగొట్టుకుని, దంతపు తెలుపుకు వచ్చి ఆగుతుంది. మాల్టీయ భాషలో దీన్ని బయ్‌దా అంటారు, తెల్లనిది అని. యోధుల కాలంలో దీన్ని ముత్యంతో పోల్చి మురిసిపోయారు, ఐరోపా పెద్దల విందుల దాకా పేరు పాకింది. ఈ శతాబ్దం మొదట్లో వెతికితే దొరికిన చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటి కొమ్మలనుంచే ఇప్పుడు కొత్త మొక్కలు పుట్టుకొస్తున్నాయి. ఒక పెరటి గోడ విస్తరించే పనిలో ఆ కొద్ది చెట్లనూ కొట్టేసి ఉంటే, ముత్యం అన్న పేరు మాత్రమే పుస్తకాల్లో మిగిలేది. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా మన ఊళ్లలో పేరు తెలియకుండా పోతున్న నాటు మామిళ్లు కళ్లలో మెదులుతాయి.

పని సాఫీగా సాగుతోందని చెప్పను. అక్కడ పొలాన్ని కొలిచేది తోమ్‌నా లెక్కన. ఒక తోమ్‌నా 1,124 చదరపు మీటర్లు, మన కొలతలో సుమారు 28 సెంట్లు. అదే మాట ధాన్యపు కొలత కూడా. మన పెద్దలు పుట్టెడు నేల అన్నట్టే. రైతు చేతిలో ఉండేది అలాంటి తునకలే, అవీ వారసుల మధ్య పంపకాల్లో ఇంకా చీలుతూ ఉంటాయి. దీవి జనాభా ఐదు లక్షలు దాటింది. ఇళ్లు కట్టేవాళ్లకు ప్రతి గజమూ కావాలి. మట్టి ఎంత విలువైనదంటే, ఇల్లు కట్టేచోట సారవంతమైన మన్ను ఉంటే ముందు దాన్ని తీసి పొలానికి తరలించాలని 1973 చట్టం చెప్తుంది. మట్టిని తరలించవచ్చు గానీ, ఇంటి కిందికి పోయిన నేల మాత్రం తిరిగి రాదు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని నేను దాచదలచుకోలేదు. కొత్తగా వేసిన తోటల్లో చాలా చెట్లు ఇటలీ రకాలు. ఫ్రాంతోయో, లెచ్చీనో వంటివి నర్సరీల్లో సులువుగా దొరుకుతాయి, కాపు ఇంత అని ముందే తెలుసు. రైతును తప్పుపట్టలేను, అతను ఇల్లు గడుపుకోవాలి. కానీ ఇటలీ చెట్టు నాటితే దీవికి ఆలివ్ వచ్చినట్టే గానీ, దీవి ఆలివ్ తిరిగి వచ్చినట్టు కాదు. మొక్కల దిగుమతిలో భయం కూడా ఉంది. 2013లో ఇటలీ మడమ భాగం పూల్యాలో శైలెల్లా అనే బాక్టీరియా బయటపడింది. చెట్టు నీరు పీల్చే నాళాలను మూసేస్తుంది. తాతల నాటి తోటల్లో చెట్లు లక్షల సంఖ్యలో నిలువునా ఎండాయి. మాల్టాలాంటి చిన్న దీవిలో అలాంటి ఒక్క మొక్క దిగితే పారిపోవడానికి చోటే లేదు. సొంత కొమ్మతో సొంత మొక్క పెంచుకోవడం అందుకే అక్కడ అభిమానం ఒక్కటే కాదు, జాగ్రత్త కూడా.

దీవిలో పండే నూనె దీవి వాడకానికి ఇప్పటికీ చాలదు. ఒక లీటరుకు రకాన్ని బట్టి ఐదారు కిలోలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాయ కావాలి. చిన్న తునకల్లో చేత్తో కోసిన కాయ నూనె ధరకు దుకాణంలో వరసగా పేర్చిన బయటి సీసాలు పోటీ. సొంత నూనె కొనేవాడు నూనెతో పాటు ఇంకేదో కొంటున్నాడు. దాని పేరేమిటో జెయ్‌తూన్ ఊరివాళ్లను అడగాలి.

సెప్టెంబరు చివర్లో ఆ ఊరు పండుగ చేసుకుంటుంది. పండుగ పేరు జెయ్ట్ ఇజ్-జెయ్‌తూన్, జెయ్‌తూన్ నూనె. కోసి తెచ్చిన కాయలను పూజారి దీవిస్తాడు, ఊరి కళ్లముందే నూనె తీస్తారు. బడి పునాదిలో దొరికిన పాత కమతం ఆ పండుగ వీధులకు కూతవేటు దూరమే. అక్కడ ముసలివాళ్లూ పిల్లలూ వరసలో నిలబడి, ఫ్తీరా రొట్టె ముక్క చేతిలో పట్టుకుని, దానిమీద పచ్చటి కొత్త నూనె పోయించుకుంటారు. మొదటి ముద్దకు కొందరికి గొంతు మంటపుట్టి దగ్గు వస్తుంది.

(పత్తి వడికిన చేతుల కథ వచ్చే భాగంలో)